గంగయా, చంద్రముఖియా? — ఒక చలనచిత్ర పాత్రను గూర్చిన హేతువిచారము

విజయవాడ నగరమున గవర్నరుపేట, గాంధీనగరము అను రెండు పేటలకును తెలుగు చలనచిత్ర చరిత్రలో ఒక స్థానము కలదు. చిత్రములు మదరాసులో తయారగుచుండిన కాలమున వాటి పంపిణీ వ్యవహారమునకు విజయవాడయే ముఖ్యకేంద్రము. నవయుగ, పూర్ణా వంటి సంస్థల పేర్లు ఇచ్చటి పెద్దలకు నేటికిని పరిచితములే. ఆట విడిచిన పిమ్మట జనము బీసెంటు రోడ్డు వైపు నడచుచు, చూచి వచ్చిన కథను గూర్చి తర్కించుకొనుట ఈ ప్రాంతమున పాతవాడుక. అట్టి తర్కములలో నొకటి ఈ వ్యాసమునకు మూలము.

2005వ సంవత్సరమున 'చంద్రముఖి' అను చిత్రము తెలుగులోనికి అనువదింపబడి వచ్చినది. దానిని చూచినవారిలో కొందరు "ఆ యిల్లాలికి దయ్యము పట్టినది" అనిరి. మరికొందరు "దయ్యము కాదు, మతి చలించినది" అనిరి. ఈ రెండు మాటలును పరస్పర విరుద్ధములుగా దోచును గాని, రెండును ఒకే ప్రశ్నను దాటవేయుచున్నవని మా అభిప్రాయము. దయ్యమనినను, వ్యాధి యనినను, అంతటితో విచారణ ముగిసినట్లే యగును. కాని అడుగవలసిన ప్రశ్న మిగిలియే యున్నది: లోకమున ఇన్ని కథలుండగా గంగ ఆ నర్తకి కథనే ఏల తనదిగా చేసికొనెను?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు కథయొక్క వంశక్రమమును తెలిసికొనవలెను. దీనికి మూలము మలయాళమున 1993 డిసెంబరులో విడుదలైన 'మణిచిత్రత్తాళు'. రచయిత మధు ముట్టం, దర్శకుడు ఫాజిల్. గంగ పాత్రను ధరించిన శోభనకు ఆ చిత్రమునకై ఉత్తమనటిగా జాతీయ పురస్కారము లభించెను. ఈ కథను పి. వాసు 2004లో కన్నడమున 'ఆప్తమిత్ర' గాను, 2005 ఏప్రిలు 14న తమిళమున 'చంద్రముఖి' గాను వెలువరించెను. కన్నడమున గంగ పాత్రధారిణి సౌందర్య. తెలుగువారికి ఇంటి యాడపడుచు వంటిదైన ఆ నటి 2004 ఏప్రిలు 17న విమానప్రమాదమున మరణించెను. చిత్రము ఆగస్టులో వెలువడెను. తమిళమున ఆ పాత్రను జ్యోతిక ధరించినది. 2007లో ప్రియదర్శన్ దర్శకత్వమున హిందీలో 'భూల్ భులయ్యా' వచ్చినది. 2010లో వాసు కన్నడమున 'ఆప్తరక్షక'ను, తెలుగున వెంకటేశ్ కథానాయకుడుగా 'నాగవల్లి'ని తీసి ఈ కథను కొనసాగించెను.

ఈ పేర్లను వరుసగా పరికించినచో ఒక విశేషము గోచరించును. మలయాళ నామమునకు అర్థము చిత్రముగా మలచిన తాళము. కన్నడ నామము రోగిని బాగుచేయు స్నేహితునిది. తమిళ నామము చనిపోయిన నర్తకిది. హిందీ నామము దారితప్పించు కట్టడమునకు సంబంధించినది. తాళమునకు, వైద్యునికి, నర్తకికి, భవనమునకు పేర్లు దక్కినవి. ఎవతె కథయో ఆమె పేరు ఏ చిత్రమునకును పెట్టబడలేదు. ఇది యాదృచ్ఛికమే కావచ్చును. ఐనను, ప్రేక్షకుడు సైతము గంగను విడిచి చంద్రముఖిని మాత్రమే జ్ఞాపకముంచుకొనుటకు ఈ నామకరణము కొంత దోహదము చేసినదని చెప్పక తప్పదు.

కథాసారమిది. గంగ భర్తతో కలసి ఒక పాతభవనమునకు కాపురము వచ్చును. అందొక గదికి తాళము వేయబడి యుండును. పూర్వమొక రాజు పొరుగుసీమనుండి చంద్రముఖి యను నర్తకిని బలవంతముగా తెచ్చి ఆ భవనమున నుంచెను. ఆమె ప్రేమించిన నర్తకుడు ఎదురింటనే వసించుచుండెను. అది తెలిసిన రాజు అతని శిరస్సు ఖండించి, దుర్గాష్టమినాడు ఆమెను సజీవముగ దహించెను. ఆమె పగతీర్చుకొందునని శపథము చేసినది. ఈ కథ విన్న గంగ వలదన్నను వినక ఆ గది తాళము తీయించును. అటుపిమ్మట ఇంట అనర్థములు పుట్టును. అనుమానము మరియొక యువతిపై మరలును. భర్తకు మిత్రుడైన మనోవైద్యుడు వచ్చి, చేయుచున్నది గంగయే యనియు, ఆమె తన్ను తాను చంద్రముఖిగా భావించుకొనుచున్నదనియు, తన భర్తను ఆ రాజుగా చూచుచున్నదనియు నిర్ణయించును. చివరకు ఒక దుర్గాష్టమి రాత్రి, ఆమె కోరిన బలికి బదులు ఒక బొమ్మను దహింపజేసి, పగ తీరినదను భ్రాంతి కలిగించి ఆమెను స్వస్థురాలిని చేయును.

పాత్రయొక్క ఉద్దేశమును నిర్ణయించుటకు మనకు మూడు ఆధారములు గలవు. ఒకటి, పాత్ర చేసిన పని. రెండు, ఆ పని జరిగిన సందర్భము. మూడు, దానిని గూర్చి ఇతరులు చెప్పిన మాట. ఇట్టి చిత్రములలో మూడవ ఆధారమునకే మనము లోబడుట సహజము. ఏలయన కథాంతమున ఒక వైద్యుడు నిలిచి సర్వమును విప్పిచెప్పును. 1960లో హిచ్‌కాక్ తీసిన 'సైకో' చిత్రమునను కడపట ఒక మనోవైద్యుడు హంతకుని మనస్సును వివరించును. ఆ వివరణ అతి సులువుగా నున్నదని పలువురు విమర్శకులు ఆక్షేపించిరి. ఆ వైద్యుడును కథలోని యొక పాత్రయే గాని న్యాయాధిపతి కాడు. అతని మాటను ఒక సాక్షి మాటగా గ్రహించి, తక్కిన రెండు ఆధారములతో సరిచూడవలెను.

మన ఆలంకారికులకు ఈ విషయము కొత్తది కాదు. నాట్యశాస్త్రము సప్తమాధ్యాయమున చెప్పబడిన ముప్పదిమూడు వ్యభిచారిభావములలో ఉన్మాదము, అపస్మారము అని రెండు గలవు. ఉన్మాదమునకు భరతుడు చెప్పిన కారణములలో ఇష్టజనవియోగము, సంపద నశించుట, దెబ్బ తగులుట, వాతపిత్తాదుల ప్రకోపము కానవచ్చును. అపస్మారమునకు చెప్పిన వానిలో యక్ష, భూత, పిశాచాదుల ఆవేశమును, శూన్యగృహమున వసించుటయు గలవు. గవర్నరుపేటలో ప్రేక్షకులు చేసిన వాదమునందలి రెండు పక్షములును ఇచ్చట ముందే యున్నవి. శూన్యమైన గదిలో ప్రవేశించినది గనుక ఆవేశించినదనుట అపస్మారపక్షము. ప్రియమైనవారి యెడబాటు చేత చిత్తము చెదరినదనుట ఉన్మాదపక్షము. భరతుడు నటునకు ఈ రెంటిని వేరువేరుగా నేర్పెను. చిత్రమో, ప్రథమార్ధమున మొదటిదానిని చూపి, ఉత్తరార్ధమున రెండవదానిని స్థాపించును. బయటికి కనబడు లక్షణములు ఒక్కటే, కారణములు వేరు. కావున గంగ విషయమున మనము వెదకవలసినది వియోగమును.

ఆ వియోగము మలయాళ మూలమున స్పష్టముగా నున్నది. గంగ తల్లిదండ్రులు కలకత్తాలో నుండగా ఆమె పల్లెలో అవ్వ యొద్ద పెరిగినది. అవ్వ చెప్పు కథలే ఆ పసిదానికి లోకము. తరువాత తల్లిదండ్రులు తమతో తీసికొనిపోవ నిశ్చయించినప్పుడు, తాను ఎరిగిన లోకమునుండి తన్ను ఊడబెరుకుచున్నారను భయముచేత, పరీక్షనాడు ఆమె మనస్సు తొలిసారి చెదరును. ఈ వృత్తాంతము చిత్రమున కొద్ది నిమిషములు మాత్రమే యుండును. అందుచే పలువురు దానిని వ్యాధికి ఆనవాలుగా మాత్రమే చూచి విడిచిరి. కాని అందు కథయొక్క బీజమే యున్నదని మేము తలచుచున్నాము. మొదట విడువబడినది, పిదప అడుగకయే తరలింపబడినది. రెండు మారులును ఆమె యిష్టమును ఎవరును విచారింపలేదు.

ఇప్పుడు చంద్రముఖి కథతో దీనిని సరిపోల్చవలెను. ఆ నర్తకి తన సీమనుండి తన యిష్టము లేకయే తరలింపబడినది. పరాయి యింట గోడల నడుమ నుంచబడినది. ప్రేమించినవాడు కిటికీలోనుండి కనబడునంత దూరమున నుండియు దక్కలేదు. గంగ ఆ కథను వినినప్పుడు వినినది ఒక రాజనర్తకి చరిత్రను మాత్రమే కాదు. తన మనస్సు ఏనాడును పలుకలేని మాటను మరియొకతె పలికినట్లు వినినది. ఆ కథనే ఎన్నుకొనుటకు కారణమిదియే. పగ చంద్రముఖిది, ఆ పగను అరువు తెచ్చుకొనవలసిన అవసరము గంగది.

సందర్భము సైతము ఈ అర్థమునే బలపరచును. చిత్రమున గంగ భర్తయెదుట మొదటిసారి చంద్రముఖిగా మారు ఘట్టమును స్మరింపుడు. వైద్యుని సూచన ననుసరించి, బయటికి బయలుదేరుచున్న గంగను భర్త వెళ్లవలదని వారించును. అంతకుముందు అనుమతించిన పనికే ఇప్పుడు అడ్డుచెప్పును. ఆమె మొదట మృదువుగా కారణమడుగును, పిమ్మట ఆశ్చర్యపడును, ఆ వెనుక కంఠస్వరము మారును, పెనుమంచమును ఒంటిచేత నెత్తును. ఇచ్చట మంత్రము లేదు, తాళము వేసిన గది లేదు, పున్నమి లేదు. ఉన్నది "వెళ్లవలదు" అను ఒక్క మాట. బాల్యమున ఆమెను కదిలించినదియు, ఆ నర్తకిని బంధించినదియు అదియే: తన రాకపోకలపై తనకు చెల్లుబాటు లేకపోవుట. భర్త దుర్మార్గుడు కాడు, ఆమెను ప్రేమించునట్టివాడే. ఐనను ఆ క్షణమున అతడు పలికినది రాజు మాట. గంగ కన్నులకు అతడు రాజుగా కనబడుటకు పూర్ణముగా ఆధారము లేకపోలేదు.

మన రంగస్థల పరిభాషలో చెప్పినచో గంగ మూడు మెట్లు ఎక్కినది. మొదట ఆమె సామాజికురాలు: కథ వినినది, చలించినది. రెండవ మెట్టున అనుకర్త్రి: గదిలోని నగలు ధరించినది, నర్తించినది. మూడవ మెట్టున తానే అనుకార్యమనుకొన్నది. ఈ ప్రాంతమువారికి దీని స్వభావము సులభముగా తెలియగలదు. కృష్ణాతీరమందలి కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ వంటి మహానటుడు సత్యభామగా రంగమున నిలిచినప్పుడు చూచువారికి పురుషుడు కనబడలేదు. కాని వేషము విప్పిన వెంటనే నటుడు తానుగా మిగులును. చూచినవాడును కన్నీరు తుడుచుకొని ఇల్లు చేరును. సహృదయుడు తన్ను తాను మరచుట రసాస్వాదమునకు అవసరమని భట్టనాయకాదులు చెప్పిరి; తిరిగి తన్ను తాను పొందుట యందు అంతర్గతమై యున్నది. గంగకు తిరిగివచ్చు దారి మూసికొనిపోయినది. తిరిగి వచ్చుటకు తనదనదగిన చోటు ఆమెకు లేకుండుటయే అందుకు కారణము.

ఇక భాషావిషయము. తెలుగు శాఖకు సంబంధించినవారముగా మేము దీనిని ప్రత్యేకముగా గమనించితిమి. మలయాళ చిత్రమున నర్తకి తంజావూరునుండి వచ్చిన తమిళవనిత. గంగ ఆవేశమున తమిళము పలుకును. కన్నడ, తమిళ చిత్రములలో నర్తకి తెలుగుది. హిందీలో ఆమె వంగదేశీయురాలు. ఎచ్చటనైనను నర్తకి పొరుగుభాషదే గాని ప్రేక్షకుని భాషది కాదు. తమిళ చిత్రమున 'రారా' అను పల్లవిగల పాట తెలుగునందే యున్నది. భువనచంద్ర రచించెను, తెలుగువాడైన విద్యాసాగర్ స్వరపరచెను. నాట్యమునకు, శృంగారమునకు తెలుగును వాడుట తంజావూరు నాయకరాజుల కాలమునుండి దక్షిణదేశమున నున్న సంప్రదాయమే గనుక, తమిళ ప్రేక్షకునకు ఆ భాష రాజాస్థానమును, గతమును స్ఫురింపజేయును. అన్నిటికంటె ముఖ్యముగా, అది గంగ నిత్యము మాటలాడు భాష కాదు. సొంతభాషలో ఆమె మంచి యిల్లాలు. ఆ భాషలో ఆమెకు కోపము తెలుపు మాటలు లేవు. పరభాషలో మాత్రమే ఆమె "నేను పోవుదును" అనగలిగినది.

ఈ సూక్ష్మము తెలుగు అనువాదమున కొంత నష్టమైనది. చుట్టునున్నవారందరును తెలుగే పలుకుచుండగా ఆ పాట పరభాషగా వినబడదు. తమిళుడు దేనిని విని ఉలికిపడెనో దానిని తెలుగువాడు పాటగా ఆనందించెను. విజయవాడలో "దయ్యము" అను పక్షము బలముగా నుండుటకు ఇదియు నొక కారణము కావచ్చునని మా యూహ. భాష మారినదను ఆధారము జారిపోయినప్పుడు, మిగులునవి మారిన కన్నులు, మారిన కంఠము మాత్రమే. అవి ఆవేశలక్షణములుగా మనకు తరతరములుగా పరిచితములు.

ఆ పరిచయమును మేము తక్కువ చేయుట లేదు. అన్యాయముగా మరణించిన స్త్రీని పేరంటాలుగా నిలిపి కొలుచు ఆచారము తెలుగుదేశమున కలదు. ఎన్.టి.ఆర్. జిల్లా పెనుగంచిప్రోలున తిరుపతమ్మ తిరునాళ్ల ఏటేట జరుగుచున్నది. ఆడపడుచులకు పూనకము వచ్చుట, ఆ పూనకములో వారు పెద్దలను సైతము నిలదీయుట, పెద్దలు చేతులు జోడించి వినుట ఊరూర చూచినదే. పూనకము రాని దినమున ఆ మాటయే పలికినచో వినువారు లేరు. దుర్గాష్టమి సంకేతమును సైతము ఇంద్రకీలాద్రి నీడన పెరిగినవారికి వివరింపనక్కరలేదు. శరన్నవరాత్రులలో అష్టమినాడు దుర్గగాను, మరునాడు మహిషాసురమర్దినిగాను అమ్మవారిని అలంకరింతురు. స్త్రీ కోపము పూజ్యమగు దినమున గంగ కోపము బయటపడుట కథకుని తెలివి. దేవతకు చెల్లిన కోపము ఇల్లాలికి చెల్లదు; అందుచే ఆమె మరియొకతెగా మారవలసి వచ్చినది.

దీనికి ఆక్షేపణలు రాగలవు. ఇది వినోదార్థము తీసిన చిత్రము. ఇంత యర్థము దర్శకుడు తలచెనా యని అడుగవచ్చును. తమిళ చిత్రమున నాయకుని ప్రతాపమునకు, హాస్యమునకు, భవనమున తిరుగు సర్పమునకు ఇచ్చిన స్థలము గంగ బాల్యమునకు ఈయలేదన్నది నిజమే. కాని మేము విచారించుచున్నది దర్శకుని మనస్సును కాదు, పాత్ర నడవడిని. తెరపై గల పనులు, సందర్భములు ఈ యర్థమును సహించుచున్నవా లేదా యన్నదే ప్రమాణము. రెండవ ఆక్షేపణ బలమైనది: బొమ్మను కాల్చగా గంగ స్వస్థురాలైనది గదా, కావున ఆమె హేతువు పగయే గదా యని. దానికి మా సమాధానమిది. ఆ రాత్రి తృప్తిపొందినది చంద్రముఖి. వైద్యుడు ఆమె నాటకమును చివరి అంకమువరకు ఆడించి తెర దించెను. అది యుక్తమైన ఉపాయమే. కాని గంగను ఏమి కావలెనని అడిగినవారు అప్పుడును లేరు. చిత్రము ముగిసినది, ప్రశ్న ముగియలేదు.

ఈ విచారము కేవలము పాండిత్యవినోదము కాదనుటకు ఒక్క సంగతి చాలును. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఒక వసతిలో అగ్నిప్రమాదము సంభవించెను. అనేకులు గొలుసులతో బంధింపబడి యుండుటచే తప్పించుకొనలేక 28 మంది మరణించిరి. అటుతరువాత నాలుగేండ్లలోపలనే అదే రాష్ట్రమున ఈ చిత్రము వెలువడి, పట్టినది దయ్యము కాదు, వ్యాధి యని లక్షల జనమునకు చెప్పినది. అది చిన్న ఉపకారము కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది. ఐనను చిత్రము చెప్పిన చికిత్స ఒక రాత్రి చమత్కారము. వాస్తవమున ఇట్టి వ్యాధికి దీర్ఘకాలము ఓర్పుతో రోగి మాట వినుటయే ప్రధాన చికిత్స. అమెరికా మనోవైద్యుల సంఘము 2013లో వెలువరించిన వర్గీకరణమున, ఆవేశరూపమున కనబడు వ్యక్తిత్వ విచ్ఛేదమును వ్యాధిలక్షణములలో చేర్చుచునే, సమాజము అంగీకరించిన మతాచారములోని పూనకమును వ్యాధిగా ఎంచరాదని కూడ చెప్పినది. మన ఊళ్ల పూనకమును, గంగ వ్యాధిని ఒకే గాటకట్టకుండుటకు ఈ వివేకము అవసరము.

కావున గవర్నరుపేట వాదమునకు మేము చెప్పదగిన తీర్పు ఇంతమాత్రమే. దయ్యమనువారు చంద్రముఖి మాటను మాత్రమే వినిరి. పిచ్చి యనువారు వైద్యుని మాటను మాత్రమే వినిరి. ఇద్దరి నడుమ గంగ మాట మిగిలిపోయినది. తాళము తీయుటకు మునుపే ఆమె మనస్సున ఒక గది మూయబడి యుండెను. పాతభవనమందలి గది దానికి ఆకారము నిచ్చినది. మన యిండ్లలో సైతము ఒకతె కంఠస్వరము అకస్మాత్తుగా మారినప్పుడు, పట్టినది ఏమని అడుగుటకు ముందు, ఆమెను ఏ మాట వద్ద ఆపితిమో తలచుకొనుట మేలు.